మామూలు మనిషి వేగం

కొత్తగూడెం,
8 ఫిబ్రవరి 1987

అక్కా,

వచ్చి ఇన్ని రోజులైనా ఉత్తరం లేదని నువ్వు తిట్టుకుంటూనే ఉంటావు. ఏం చెయ్యను, ఈ ట్రైనింగులో ఊపిరాడటం లేదు. పొద్దున క్లాసు, మధ్యాహ్నం వర్క్‌షాపు, సాయంత్రం మళ్లీ లెక్కలు.

ఇక్కడ నేర్పుతున్న పని ఏమిటో చెబితే బావ నవ్వుతాడు. మనుషులు పనిచేస్తుంటే పక్కన నిలబడి గడియారం చూడటం. దీన్ని టైం స్టడీ అంటారు. ఒక చెక్క పలక, దాని మూలకు బిగించిన స్టాప్ వాచీ, ఒక పెన్సిలు. ఆ వాచీలో నిమిషానికి అరవై సెకన్లు ఉండవు, వంద గీతలు ఉంటాయి. లెక్క సులువు కావడానికట. మొదట్లో నాకు బుర్ర తిరిగిపోయింది. చేతి గడియారంలో ఒక టైం, పలక మీద ఇంకో టైం.

అయితే నన్ను విసిగిస్తున్నది వాచీ కాదు, 'మామూలు మనిషి'. ఏ పనికైనా మామూలు మనిషి మామూలు వేగంతో ఎంత సేపు తీసుకుంటాడో కనుక్కోవాలి. ఆ వేగానికి వంద మార్కులు. మన ముందు పనిచేసేవాడు అంతకంటే చురుగ్గా ఉంటే నూట పది, నూట ఇరవై. నిదానంగా ఉంటే ఎనభై, తొంభై. ఆ మార్కు వాచీలో ఉండదు, కంటితో చూసి మనమే వెయ్యాలి. అది అలవాటు కావడానికి మా చేత పేకముక్కలు పంచించారు. ఒక దస్తా నలుగురికి అర నిమిషంలో పంచితే అది వంద. నేను ముప్పై మందిని చూసి మార్కులు వేస్తే సగం తప్పు అన్నారు. ఎందుకు తప్పో అడిగితే, చూస్తూ చూస్తూ నీకే తెలుస్తుంది అన్నారు. ఇదేం కొలత అక్కా? గజం కర్రకు రెండు కొసలైనా ఉంటాయి.

వచ్చే నెల శ్రీరాంపూర్ వైపు పోస్టింగు. బొగ్గు నింపే ఫిల్లర్ల పని కొలవాలట. బావ చేసే పనే. పట్టాల మీద నిలిపిన ఒక టబ్బు నింపడానికి ఇంత టైం, ఒక షిఫ్టుకు ఇన్ని టబ్బులు అని కొత్త లెక్క కడతారట. బావను అడిగానని చెప్పు.

మొగిలి

*

గోదావరిఖని,
20 ఫిబ్రవరి 1987

తమ్ముడూ,

నీ ఉత్తరం అందిన రోజు మీ బావది రాత్రి షిఫ్టు. పొద్దున వచ్చి పడుకున్నాడు. మాకు పగలైతే ఆయనకు రాత్రి. పిల్లలు గట్టిగా మాట్లాడకూడదు, గిన్నె కింద పెడితే చప్పుడు కాకూడదు, నల్లా వచ్చే వేళకే ఆయన నిద్ర. రెండో షిఫ్టు వారమైతే పిల్లలు తండ్రి మొహమే చూడరు. మొదటి షిఫ్టు వారం వస్తే, హమ్మయ్య, ఈ ఇంట్లో మనుషులంతా ఒకే పూట అన్నం తింటారు అనుకుంటాను. అలవాటయ్యేలోపే మళ్లీ మారుతుంది. నేను ఏడో తరగతి దాకా చదివింది ఈ కంపెనీ సైరన్ల లెక్క చూసుకోవడానికేనేమో.

ఆయన లేచాక నీ ఉత్తరం చదివి వినిపించాను. నవ్వలేదు. రెండుసార్లు చదివించుకున్నాడు. తర్వాత ఆగయ్యను పిలుచుకొచ్చాడు. ఆగయ్య తెలుసు కదా, పక్క క్వార్టర్ల లైనులో ఉంటాడు, ఆయనా మీ బావా జతగా టబ్బులు నింపుతారు. ఎవరింట్లోనో పేకముక్కలు సంపాదించారు. ఆగయ్య చేతి గడియారం చూస్తూ కూర్చున్నాడు, మీ బావ పంచాడు. నీ అర నిమిషం కాకముందే దస్తా అయిపోయింది. అంతటితో ఊరుకున్నాడా? ఇంకా తొందరగా పంచుతానని నాలుగుసార్లు పంచాడు. ముక్కలన్నీ మంచం కింద ఏరుకోవడానికి పిల్లలకు పనైంది.

కానీ ఆయన ఒక్క మాట అన్నాడు. బావి దిగి బొగ్గు దగ్గరికి నడిచిపోవడానికే గంట. అక్కడ ఖాళీ టబ్బులు రాక, చేతులు ముడుచుకుని ఒక్కోసారి ఇంకో గంట. పైకొచ్చాక మాత్రం నింపిన టబ్బులే చూస్తారు. "మనోని చేతిల గడియారం ఉంటే మనకేం ఫికర్? నడిచిన టైం, కూసున్న టైం, అన్ని రాస్తడు" అన్నాడు. ఆగయ్య కూడా అదే ఆశ పెట్టుకున్నాడు. బావి దగ్గర పదిమందికి చెప్పుకున్నారు, మొగిలి వస్తున్నాడని.

వేళకు తిను.

సమ్మవ్వ

*

శ్రీరాంపూర్,
26 ఏప్రిల్ 1987

అక్కా,

బావను ఎవరికీ ఏమీ చెప్పొద్దను. దయచేసి.

ఇక్కడ నా బతుకు ఎలా ఉందో విను. నేను పలక పట్టుకుని బావిలో దిగుతానో లేదో, నాకంటే ముందు కబురు దిగుతుంది. నేను నిలబడిన చోట పని నీరుగారిపోతుంది. ఒకాయన తలగుడ్డ విప్పి మళ్లీ కట్టుకుంటాడు. ఇంకొకాయన బొగ్గు ఎత్తే చెమ్మసు పట్టుకుని, దాన్ని ఎప్పుడూ చూడనట్టు అటూ ఇటూ తిప్పుతాడు. ఒక పెద్దాయన నా దగ్గరికొచ్చి, "బిడ్డా, నువ్వు పోయినంక నింపుతం, నువ్వున్నంత సేపు నిలవడతం" అని నెమ్మదిగా చెప్పాడు. కోపం కూడా లేదు ఆ మాటలో. నేనేం రాయాలి?

నాతో పాటు గదిలో ఇస్మాయిల్ అని ఒకతను ఉంటున్నాడు. నాలాగే పలక మోసేవాడు. వాళ్ల ఇల్లు మీ దగ్గరే, ఖని బజారు వెనక. వాళ్లమ్మ వజీరున్నీసా పంపిన పచ్చడే మాకు దిక్కు. అతను నాకంటే తెలివిగలవాడు, తిట్లన్నీ ఉర్దూలో రాత్రి పూట తిట్టుకుని పొద్దున హాయిగా డ్యూటీకి వస్తాడు. నాకు ఆ విద్య రాలేదు.

బావ ఆశపడ్డ విషయం. మొన్న ఖాళీ టబ్బులు రాక ఫిల్లర్లంతా కూర్చుండిపోయారు. నేను వాచీ నడుపుతూనే ఉన్నాను. మా ఆఫీసరు చూసి, "పని ఆగినప్పుడు వాచీ ఆపెయ్యాలి. ఎదురుచూడటం పని కాదు" అన్నాడు. అది పని కాకపోతే, పైకొచ్చి ఇంటికి పోనిస్తారా సార్ అని నోటిదాకా వచ్చింది. మింగాను. విడిగా ఒక కాగితం మీద రాసి ఇవ్వమన్నాడు. ఆ కాగితాలు ఎవరు చదువుతారో తెలియదు.

జూన్‌లో మమ్మల్ని మీ వైపు పంపుతారు. బావ పనిచేసే బావి కూడా అందులో ఉంది. నేను వచ్చిన రోజు రోజూ చేసినట్టే చెయ్యమని బావకు గట్టిగా చెప్పు. ఎక్కువా వద్దు, తక్కువా వద్దు. మరిచిపోకు.

మొగిలి

*

గోదావరిఖని,
14 జూన్ 1987

మొగిలీ,

కోడిని కోసి, కూర పొయ్యి మీద పెట్టి, పిల్లల్ని సందు మొదట్లో నిలబెట్టాను. నువ్వు రాలేదు. అంత దూరం వచ్చి, బావిలో దిగి, బావ ముఖం చూసి, అక్క ఇంటికి రాకుండా జీపెక్కి పోయావంటే లైనులో అందరూ నన్ను అడుగుతున్నారు. ఏం చెప్పను? ఆఫీసరయ్యాడని చెప్పనా?

నువ్వు చెప్పమన్నది చెప్పాను. ఒకసారి కాదు, ముందు రోజు రాత్రి, ఆ పొద్దున కూడా. ఆయన చెప్పులు తొడుక్కుంటూ, "ఆఫీసర్ల ముంగట మనోని ఇజ్జత్ పోవద్దు. పాపం, శ్రీరాంపూర్ల ఎవ్వడు నింపుతలేడట" అన్నాడు. వద్దని మళ్లీ అన్నాను. విననట్టు పోయాడు.

సాయంత్రం వచ్చిన మనిషిని చూడాలి నువ్వు. చెయ్యి లేపి ముద్ద నోట్లో పెట్టుకోలేకపోయాడు. పిల్లవాడు కలిపి పెడితే తిన్నాడు. అయినా మొహం వెలిగిపోతోంది. నీ పక్కన నిలబడ్డ ఆఫీసరు తనను చూసి తల ఊపాడట. లోపల పని పంచే సర్దార్‌తో తనే మాట్లాడి, కొలిచేది తమ జాగాలోనే ఉండేలా చూసుకున్నాడట. నీకు కూర మిగిల్చి ఉంచమన్నాడు. రాత్రి దాకా ఉంచాను.

ఆగయ్య మాత్రం సంతోషంగా లేడు. గుమ్మం దగ్గర నిలబడి, "వదినె, ఇయ్యాల మేం నింపిన తీరు మంచిగ లేదు" అని వెళ్లిపోయాడు.

ఎందుకు రాలేదో రాయి. పనుందని మాత్రం రాయకు.

సమ్మవ్వ

*

శ్రీరాంపూర్,
22 జూన్ 1987

అక్కా,

పనుందని రాయను. రావడానికి మొహం చెల్లలేదు.

నేను అక్కడికి పోయేసరికి బావ చెమ్మసు పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. నన్ను ఎరగనట్టే నిలబడ్డాడు, కానీ నవ్వు ఆపుకోలేకపోతున్నాడు. పనివాడితో మాట్లాడకూడదని మాకు రూలు. ఆఫీసరు నా భుజం పక్కనే ఉన్నాడు. వాచీ నొక్కాను.

అక్కా, పదిహేనేళ్లుగా బావ రోజూ బావికి పోవడం చూశాను గానీ ఆయన పని చెయ్యడం చూడటం అదే మొదలు. చెమ్మసు బొగ్గు కింద దూరడం, తట్ట నిండటం, తట్ట భుజానికెక్కడం, టబ్బులో పడటం, ఎక్కడా ఆగలేదు. ఆగయ్య వెనకబడితే ఆయన తట్ట కూడా తనే ఎత్తాడు. మొదటి టబ్బు నిండగానే నేను పలక కిందనుంచి, మెల్లగా అని చేత్తో సైగ చేశాను. ఇంకా కానియ్యి అన్నాననుకున్నాడేమో, రెండో టబ్బు అంతకంటే ముందే నింపాడు. నా టోపీ లైటు ఆయన మొహం మీద పడినప్పుడల్లా నావైపు చూసి కళ్లతోనే అడుగుతున్నాడు, చాలా, ఇంకా కావాలా అని. నీళ్లు కూడా తాగలేదు. నాకు వాచీ అక్కడే రాయికేసి కొట్టాలనిపించింది.

పైకి రాగానే లెక్కలు ఆ పూటే కావాలని ఆఫీసరు జీపెక్కించాడు. దిగి వస్తానని గట్టిగా అడిగితే వదిలేవాడేమో. అడగలేదు.

మార్కులు వెయ్యవలసినట్టే వేశాను. మిగతాది పైవాళ్లు చూసుకుంటారు. బావకు ఒళ్లు నొప్పులు తగ్గాయా? నా మీద కోపం లేదని ఆయన నోటితో అంటే రాయి.

మొగిలి

*

గోదావరిఖని,
9 సెప్టెంబరు 1987

మొగిలీ,

నీ ఉత్తరాలు అందాయి. రాయడానికి తీరలేదు. పిల్లలు బాగున్నారు. వానలకు వెనక గోడ నానింది. మీ బావకు కొంచెం కాలు నొప్పి, డ్యూటీకి పోవడం లేదు, తగ్గుతుంది. కొత్త లెక్క వచ్చింది, బావి దగ్గర కాగితం అంటించారట.

ఇప్పట్లో రావద్దు. ఇల్లు సర్దుకున్నాక నేనే రాస్తాను.

సమ్మవ్వ

*

శ్రీరాంపూర్,
4 అక్టోబరు 1987

అక్కా,

కొంచెం కాలు నొప్పా? ఇస్మాయిల్ ఇంటికి పోయి వచ్చాడు. బావ కాలి మీద బొగ్గు పెళ్ల పడి వేళ్లు విరిగాయని, నెల రోజులుగా కట్టుతో దవాఖాన చుట్టూ తిరుగుతున్నాడని ఖని బజారులో టీ కొట్టువాడికి కూడా తెలుసట. నాకు తెలియదు. కొత్త లెక్కకు బావిలో ఏం పేరు పెట్టారో కూడా అతనే చెప్పాడు. చెప్పలేక చెప్పాడు. బావ పేరు పెట్టి 'ఎల్లన్న టైం' అంటున్నారట.

నువ్వు దాచావని కోప్పడే హక్కు నాకు లేదు. నేనూ దాచాను. జూన్‌లో మార్కులు వెయ్యవలసినట్టే వేశానని రాశాను. వేశాను, నిజమే. బావకు నూట ముప్పై వేశాను. అంటే ఏమిటో చెబుతాను. బావ ఒక టబ్బును పది నిమిషాల్లో నింపాడనుకో. నూట ముప్పై వేస్తే, మామూలు మనిషికి పదమూడు నిమిషాలు పడుతుందని లెక్క. వంద వేస్తే, పది నిమిషాలే చాలని లెక్క. ఆ రోజు సాయంత్రం ఆఫీసరు నా ముప్పై కొట్టేశాడు. ఆయన నీకు బావ అవుతాడట కదా, అందుకే వేశావా అన్నాడు. సర్దార్ చెప్పినట్టున్నాడు. చుట్టం కాబట్టే ఆయన నా కోసం ఉరికాడు సార్, రోజూ ఆయన ఇలా నింపడు అన్నాను. ఆఫీసరు నవ్వి, చెయ్యగలిగాడు కదా, చెయ్యగలిగినవాడు రోజూ ఎందుకు చెయ్యడు అన్నాడు. వంద అని రాసి, కాగితం నా ముందు పెట్టాడు. సంతకం పెట్టాను.

ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదని, పెట్టకపోతే తీసేస్తారని భయపడ్డాను. ఇంకే కారణమూ లేదు.

ఆ మామూలు మనిషి కోసం ఇన్ని నెలలుగా వెతికాను. చివరికి బావను తీసుకుపోయి ఆ పీట మీద కూర్చోబెట్టాను. ఇప్పుడు నాలుగైదు బావుల్లో మనుషులు బావతో సమానంగా నింపాలి, అదీ ఆ ఒక్క రోజు బావతో.

బావ ఎలా ఉన్నాడో నిజం రాయి.

మొగిలి

*

గోదావరిఖని,
17 అక్టోబరు 1987

మొగిలికి,

నిజం అడిగావు. రాస్తున్నాను.

కొత్త లెక్క కాగితం అంటించాక మీ బావతో ఎవరూ జతకు రాలేదు. ఆగయ్య ఒక్కడు వారం రోజులు వచ్చాడు. తర్వాత అతనూ వేరే జత చూసుకున్నాడు. అతన్ని ఏమనను? లెక్క అందుకోని వాళ్లకు నోటీసులిస్తున్నారు. ఆగయ్యకు రెండు వచ్చాయి. షిఫ్టు మొదట్లో పని పంచేటప్పుడు మీ బావ ఒక్కడే పక్కన నిలబడేవాడట. ఒక్కడే నింపేవాడు. ఎవరూ తిట్టలేదు. పేరు మాత్రం పెట్టారు. ఆ పేరు పైకి కూడా వచ్చింది. కంపెనీ బస్సు ఆలస్యమైతే, ఎల్లన్న టైంకు రాలేదు అంటున్నారు. నల్లా దగ్గర మా లైను పూలమ్మ నా బిందె పక్కకు జరిపి, "మీ ఇంట్ల గంటకు ఎన్ని నిమిషాలే?" అంది. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. పెద్దవాడు బడికి పోనని మొండికేశాడు.

మీ బావ ఏం చేశాడో తెలుసా? అది దొంగలెక్క కాదని చూపించాలనుకున్నాడు. నువ్వు రాసిన లెక్క తప్పు అంటే నీకు మాట వస్తుందని. ఒంటరిగా రోజూ అన్ని టబ్బులూ నింపాలని పట్టుబట్టాడు. కొన్ని రోజులు నింపాడు కూడా. అప్పుడు తోటి పనివాళ్లకు ఇంకా మండింది. చూశారా, చెయ్యొచ్చు కదా అని పైవాళ్లు అన్నారు. ఒక రోజు సర్దార్ పైకప్పు గట్టిగా ఉందో లేదో తట్టి చూడకముందే మీ బావ తొందరపడి లోపలికి పోయాడు. పెళ్ల కాలి మీద పడింది. పక్క జాగాలో ఉన్న ఆగయ్యే ఉరికి వచ్చి పక్కకు లాగాడు. పైదాకా మోసుకొచ్చాడు.

నీ ఉత్తరం ఆయనకు చదివి వినిపించాను. నూట ముప్పై సంగతి దాచలేదు. విన్నాడు. కాసేపటికి, "మరి నన్నెందుకు అడగలే? సంతకం పెట్టేముందు నన్ను అడగద్దా? వద్దు, కొలువు పోతే పోనీ అనేటోన్ని కదా" అన్నాడు. ఆ తర్వాత నీ పేరు ఎత్తలేదు. నేను ఎత్తితే బయటికి పోతున్నాడు, ఆ కట్టు కాలితోనే.

నువ్వు భయపడ్డావు. సరే. మాకు భయం లేదనుకున్నావా?

సమ్మవ్వ

*

శ్రీరాంపూర్,
29 నవంబరు 1987

అక్కా,

నీ ఉత్తరానికి వెంటనే జవాబు రాయలేదు. రాయడానికి ఏమీ లేక. ఇప్పుడు ఉంది.

నోటీసుల మీద యూనియన్ గొడవ చేసిన సంగతి నీకు తెలిసే ఉంటుంది. పోయిన మంగళవారం రెండు పక్షాలనూ కూర్చోబెట్టారు. స్టడీ చేసినవాణ్ణి కాబట్టి నన్ను పిలిచారు. ఏం చెప్పాలో ఆఫీసరు ముందు రోజే నేర్పాడు. వాచీ చూపించిందే రాశాను అనాలి, అంతే. అది అబద్ధం కూడా కాదు.

లోపలికి పోయాక బల్ల మీద నా కాగితం ఉంది. ఈ సంతకం నీదేనా అని అడిగారు. నాదే అన్నాను. నువ్వు చూసిన మనిషి మామూలు వేగంతో నింపాడా అని యూనియన్ ఆయన అడిగాడు. గదిలో చాలా మంది ఉన్నారు అక్కా, కిటికీల బయట కూడా. బావ పేరు అంతమంది ముందు తీసుకురావడం నాకిష్టం లేదు. కానీ చెప్పాను. "ఆయన మా బావ సార్. నా కోసం ఉరికిండు. రోజు గట్ల నింపడు. ఎవ్వడు నింపడు. నేను నూట ముప్పై ఏసిన. కొట్టేసి వంద రాసిండ్రు. భయపడి సంతకం పెట్టిన."

ఆఫీసరు లేచి, చుట్టరికం దాచి స్టడీ చేసినందుకు ముందు నా మీదే చర్య తీసుకోవాలన్నాడు. అది కూడా అబద్ధం కాదు. చాలాసేపు అరుచుకున్నారు. సాయంత్రానికి ఒక మాటకు వచ్చారు. ఒక్క రోజు కాదు, వారం పాటు, షిఫ్టు మొదటినుంచి చివరిదాకా, వేరేవాళ్లు వచ్చి మళ్లీ కొలుస్తారు. ఫిల్లర్లలో మొదట ఎల్లన్ననే కొలవాలని పైవాళ్లు పట్టుబట్టారు. ఆయన వేగం మీద కదా గొడవ అన్నారు.

నా వాచీ, పలక తీసేసుకున్నారు. ఇప్పుడు స్టోర్సులో సామాను లెక్కబెడుతున్నాను. ఇక్కడ అన్నీ మేకులు, బోల్టులు. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో చెప్పడం లేదు. రోజూ పొద్దున అడుగుతాను, రేపు అంటారు.

మళ్లీ కొలిచేవాళ్లలో ఇస్మాయిల్ ఉన్నాడు. కాలు మానకపోతే ఒప్పుకోవద్దని బావకు చెప్పు. నా మాటగా కాదు, నీ మాటగా చెప్పు.

మొగిలి

*

గోదావరిఖని,
24 జనవరి 1988

తమ్ముడూ,

అయిపోయింది. ఎలా అయిందో అంతా రాస్తాను, నువ్వు నిద్రపోకుండా ఉన్నావని ఇస్మాయిల్ చెప్పాడు.

మీ బావ కాలు డిసెంబరు చివరికి మానింది. కొంచెం కుంటు మిగిలింది. కొలిచే మొదటి రోజు వచ్చేసరికి ఆయనకు కొత్త బాధ పట్టుకుంది. రోజూ చేసినట్టు చెయ్యమంటే ఏం చెయ్యాలో తనకు తెలియడం లేదన్నాడు. తగ్గించి నింపితే దొంగ అంటారు. గట్టిగా నింపితే మళ్లీ అందరి ఉసురు తగులుతుంది. పొద్దున లేచి ముద్ద ముట్టలేదు. నాకూ విసుగొచ్చింది. ఇన్నేళ్లు తిన్న అన్నం ఎట్లా తిన్నావో అట్లా తిను, చేసిన పని ఎట్లా చేశావో అట్లా చెయ్యి, నాకు ఇంకేం తెలియదని గిన్నె ముందు పెట్టి వెళ్లిపోయాను.

తర్వాతిది ఆగయ్య చెప్పాడు. జతకు ఎవరని సర్దార్ అడిగితే, ఎవరూ ముందుకు రాలేదట. ఆగయ్యే పోయి పక్కన నిలబడ్డాడు. వాచీ ఇస్మాయిల్ చేతిలో ఉంది. ఇద్దరు ఆఫీసర్లు. టబ్బు రాగానే మీ బావ, ఎంత వద్దనుకున్నా, మళ్లీ అదే జోరు. ఒంటికి అలవాటైందో, ఎవరైనా చూస్తుంటే ఆగలేడో. ఆగయ్య చెమ్మసు కింద పెట్టి ఆయన చెయ్యి పట్టుకున్నాడు. "అన్నా, ఎవ్వలకు చూపిస్తున్నవ్? మొగిలి లేడు ఈడ. మనమే ఉన్నం" అన్నాడట.

మీ బావ చెయ్యి విడిపించుకుని తలగుడ్డతో మొహం తుడుచుకున్నాడట. ఆ తర్వాత నెమ్మదిగా మొదలుపెట్టాడు. నడుము పట్టేసినప్పుడు ఆగాడు. కుంటుతూనే తట్ట మోశాడు. ఒకచోట ఊపిరి అందక ఆఫీసర్ల కాళ్ల ముందే కింద కూర్చుండిపోయాడు. పని మధ్యలో ఆయన కూర్చోవడం తను ఎన్నడూ చూడలేదని ఆగయ్య అన్నాడు. ఇస్మాయిల్ వాచీ ఆపలేదు. ఆఫీసరు ఆపమంటే, "షిఫ్టు చివరిదాకా నడపాలన్నరు సార్" అని వినయంగా చెప్పాడట.

మీ బావ ఇంటికొచ్చాడు. కాళ్లు కడుక్కుని గడప మీద కూర్చుని, "ఇయ్యాల అందరి ముంగట కూసున్న. కూసొని నీళ్లు తాగిన" అన్నాడు. అలా ఆయన కంట్లో నీళ్లు నేను పెళ్లయినప్పటినుంచి చూడలేదు. సిగ్గుతో ఏడ్చాడో, బరువు దిగి ఏడ్చాడో, నేను అడగలేదు.

మిగతా వారమంతా అలాగే కొలిచారు. కొత్త కాగితం నిన్న అంటించారు. టబ్బుల లెక్క తగ్గించారు, మనం అడిగినంత కాదు. నడిచే టైం కలిపారు. ఖాళీ టబ్బుల కోసం చూసే టైంలో సగమే కలిపారు. సగం ఎట్లా కలుపుతారో నాకు అర్థం కాలేదు. మనిషి సగం కూర్చుని సగం నిలబడతాడా? యూనియన్ వాళ్లు ఇదే గెలుపన్నారు. బావి దగ్గర ఎవరూ సంబరపడలేదు. నోటీసులు మాత్రం వెనక్కి తీసుకున్నారు. పూలమ్మ ఇవాళ బిందె పక్కకు జరపలేదు, మాట్లాడనూ లేదు. ఆ పేరు ఇంకా పోలేదు. పోతుందని నేను అనుకోవడం లేదు. ఆగయ్య మళ్లీ జతకు వస్తున్నాడు, అంతవరకు చాలు.

నీ ఉద్యోగం స్టోర్సులోనే ఖాయం చేస్తారని ఇస్మాయిల్ అన్నాడు. నిజమైతే చెయ్యి. మేకులకు మార్కులు వెయ్యనక్కర్లేదు.

మీ బావ నీ పేరు ఇప్పటికీ ఎత్తలేదు. నీకు అబద్ధం చెప్పను. అయితే నిన్న మార్కెట్టుకు పోతుంటే, వచ్చే ఆదివారానికి మాంసం చెప్పి రమ్మన్నాను. సంచి చేతిలో పట్టుకుని గుమ్మంలో ఆగాడు. ఎందుకని అడుగుతాడనుకుని నేను జవాబు సిద్ధం చేసుకున్నాను. అడగలేదు. వచ్చాక అడిగితే, నేను అన్నదానికంటే ఎక్కువే చెప్పి వచ్చానన్నాడు.

ఆదివారం మొదటి బస్సుకు రా.

సమ్మవ్వ